పాత ఇంజను కొనడమా, మానడమా

"ఆ డొక్కు కారుకి ఇంకో డొక్కు ఇంజనా?" అంది మా ఆవిడ, 2022 అక్టోబరులో ఒక మంగళవారం రాత్రి. నిజానికి ఆ ప్రశ్నలోనే నా సమస్య మొత్తం ఉంది. కాకపోతే ఆవిడ ఒక్క వాక్యంలో తేల్చేసిన దానికి నాకు ఐదు రోజులు పట్టింది.

కారు గురించి ముందు చెప్పాలి. నా దగ్గర ఒక 1973 ఎం.జి.బి. ఉంది. రెండు సీట్లు, ముదురు ఎరుపు రంగు, పైకప్పు గుడ్డది. ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న ఆబింగ్‌డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా ఇలాంటివి ఐదు లక్షలకు పైగా చేశారు. అందులో చాలా భాగం అమెరికాకే వచ్చాయి. అంచేత ఇదేమీ రాజులు, సినిమా హీరోలు దాచుకునే రకం కారు కాదు. మా న్యూజెర్సీలో వేసవి ఆదివారాల్లో పార్కింగ్ లాట్లలో పాత కార్లు వరసగా పెట్టి, పక్కన మడత కుర్చీలు వేసుకుని కూర్చునే తాతలుంటారు చూడండీ, వాళ్ళ కారు.

నాకు కార్ల పిచ్చి లేదు. రోజూ ఆఫీసుకి వెళ్ళేది ఒక కామ్రీలో. 2011లో అలాంటి ఒక ఆదివారం పిల్లాడికి ఐస్‌క్రీం కొనిపెట్టి ఆ వరస చూపిస్తూ పోతుంటే, ఒకాయన బానెట్ ఎత్తి ఉంచాడు. లోపలికి తొంగి చూసి అక్కడే నిలబడిపోయాను. పైన రెండు నట్లతో బిగించిన ఆ రేకు కవరు, ఒకవైపు ఎస్.యు. కార్బ్యురేటర్లు, వాటి కిందే సైలెన్సరు గొట్టం మొదలు, అవతలివైపు డిస్ట్రిబ్యూటరు. ఈ ఇంజను నేను చిన్నప్పుడు వెయ్యిసార్లు చూశాను. అంబాసిడర్‌ది!

ఇంటికెళ్ళి వెతికితే నా కళ్ళు మోసపోలేదని తెలిసింది. రెండూ ఒకే ఇంటివి. 1947లో ఆస్టిన్ వాళ్ళు 1,200 సి.సి.తో మొదలుపెట్టిన ఇంజనుని తర్వాత బి.ఎం.సి. కంపెనీ బి-సీరీస్ అని పిలిచి పెంచుకుంటూ పోయింది. 1,489 సి.సి.ది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ద్వారా మన హిందుస్తాన్ అంబాసిడర్‌లోకి వచ్చి, దశాబ్దాల పాటు ఊరూరా టాక్సీలు లాగింది. 1,798 సి.సి.ది ఎం.జి.బి.లోకి వెళ్ళింది. రెంటికీ పిస్టన్ పైకీ కిందకీ తిరిగే దూరం ఒకటే, 88.9 మిల్లీమీటర్లు. తేడా అంతా బోరులోనే. అంబాసిడర్‌ది 73, దీనిది 80 చిల్లర.

ఈ సంగతి ఫోనులో చెప్తే మా మావయ్య నవ్వి, "అన్నదమ్ములన్నమాట. ఒకడు బక్కోడు, ఒకడు బండోడు. ఎత్తు మాత్రం ఒకటే" అన్నాడు.

మావయ్యకి విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఐదేళ్ళు షెడ్డు ఉండేది. అంబాసిడర్లు తప్ప ఇంకో బండి ముట్టేవాడు కాదు. నా వేసవి సెలవులన్నీ అక్కడే గడిచాయి. పానాలు అందించడం, నట్లు కిరసనాయిల్లో కడగడం, టీ తేవడం నా డ్యూటీలు. షెడ్డు మూల ఒక చెక్క బల్ల, దాని మీద బిల్లు పుస్తకం, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా దాని మీద బరువుగా ఒక విరిగిన కనెక్టింగ్ రాడ్డు ఉండేవి. ఆ రాడ్డు ఎక్కడిదని నేనెప్పుడూ అడగలేదు. మెకానిక్కు బల్ల మీద రాడ్డు కాక పేపర్ వెయిటు ఉంటుందా అనుకునేవాణ్ణి.

అదన్నమాట, కార్ల పిచ్చి లేనివాడు ఆ ఏడాది చివర్లో ఎం.జి.బి. కొన్న కథ.

ఇక రోగం సంగతి. 2022 వేసవి నుంచి కారు నీరసపడింది. నిలబెట్టి ఉంచితే కుంటుతున్నట్టు కొట్టుకోవడం, ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ లేకపోవడం. ఇంజను బాగా వేడెక్కాక ఆయిల్ ప్రెషరు ముల్లు నడుస్తున్నప్పుడు 35 పౌండ్ల దగ్గర, ఆగినప్పుడు 10 దగ్గర వేలాడటం. పుస్తకంలో నడుస్తున్నప్పుడు 50 నుంచి 80 ఉండాలని రాసుంది. ఇక్కడ పాత ఇంగ్లీషు కార్లు చూసే ఒక మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పది నిమిషాలు విని, "అలిసిపోయింది. మొత్తం విప్పి కట్టాలంటే నాలుగు వేల డాలర్లు దాటుతుంది. లేదంటే ఇంకో ఇంజను చూసుకో" అన్నాడు.

నాలుగు వేలు పోసి కట్టించడానికి కారు ఖరీదే పది వేలు లేదు. పైగా ఆ ఏడాది నా ప్రాజెక్టు డిసెంబరుతో అయిపోతోంది, తర్వాతది ఖాయం కాలేదు. కన్సల్టెంటు బతుకు తెలిసిందే కదా, కాంట్రాక్టు ఉన్ననాళ్ళే దొర.

సరిగ్గా అప్పుడే తెలిసినాయన ఒకడు కబురు చెప్పాడు. పెన్సిల్వేనియాలో, మా ఇంటికి రెండు గంటల దూరంలో, ఒక పెద్దాయన దగ్గర 1977 ఎం.జి.బి. ఇంజను ఉందట. ఏడు వందల డాలర్లు. నా పాత ఇంజను ఎక్స్ఛేంజిలో ఇస్తే ఐదు వందల యాభైకే ఇస్తాడట. పెద్దాయన ఫోనులో మర్యాదగా మాట్లాడాడు. "తీసిన రోజున చక్కగా నడిచింది" అన్నాడు. ఇంకొకరు కూడా అడుగుతున్నారు కాబట్టి ఆదివారం లోపు చెప్పమన్నాడు.

ఐదు వందల యాభై ఎక్కడ, నాలుగు వేలు ఎక్కడ! ఆ రాత్రే ఒక ఎక్సెల్ షీటు తెరిచి లెక్కలు వేశాను. 1977 ఇంజను నా 1973 కారుకి పడుతుందా? పడుతుంది. రెండూ 18వి అనే నంబరుతో మొదలయ్యే రకమే. వెనక గేరుబాక్సుకి బిగించే వైపు తేడా లేదు. 1967కి ముందుదైతే చిక్కొచ్చేది, ఎందుకంటే 1968 మోడలుకి గేరుబాక్సూ సెల్ఫ్ మోటారూ రెండూ మార్చేశారు. 1974 చివర్లో రబ్బరు బంపర్లు వచ్చాక ఇంజను కూర్చునే మౌంటింగులు జరిపారు కాబట్టి ముందువైపు ప్లేటు మాత్రం నాది విప్పి దానికి వేసుకోవాలి. దాని ఒంటి కార్బ్యురేటరు తీసి నా జంట ఎస్.యు.లు పెట్టుకోవాలి. కంప్రెషన్ తక్కువ రకం పిస్టన్లు కాబట్టి బలం కొంచెం తగ్గుతుంది. సరే, నేనేమీ రేసులకి వెళ్ళడం లేదు. షీటులో అన్ని గళ్ళూ పచ్చగా వచ్చాయి. అది చూపిస్తేనే మా ఆవిడ పై ప్రశ్న వేసింది.

ఆవిడకి జవాబు చెప్పలేక, అక్కడ పొద్దున్న ఏడవుతుందని చూసుకుని మావయ్యకి వీడియో కాల్ చేశాను. మావయ్యకి డెబ్భై ఆరు. షెడ్డు తీసేసి పదేళ్ళయింది. 2014లో ఉత్తరపరలో అంబాసిడర్ చెయ్యడం ఆపేశారన్న వార్త పేపర్లో చదివాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదని అత్తయ్య చెప్పింది. కళ్ళు సరిగా కనపడవు. చెవులు మాత్రం పాము చెవులు.

అంతా విని, "ఒరేయ్, నీ ఇంజనుకి ఏం జబ్బో తెలిసిందా?" అన్నాడు.

"అలిసిపోయిందట మావయ్యా."

"అలిసిపోవడం జబ్బు కాదురా. కంప్రెషన్ చూశావా? హెడ్ ఎత్తావా?"

లేదన్నాను. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. నాలుగు వేల డాలర్ల నిర్ణయానికి నా దగ్గరున్న ఆధారం ఒక మనిషి పది నిమిషాలు వినడం, ఇంకో మనిషి ఫోనులో ఒక వాక్యం చెప్పడం. ఆఫీసులో ఎవడైనా క్లయింటు ఇలా చేస్తే ఎన్ని నీతులు చెప్పేవాణ్ణో!

మర్నాడు బుధవారం సాయంత్రం కంప్రెషన్ గేజి పట్టుకుని దిగాను. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. ఇంజను వేడెక్కాక నాలుగు స్పార్కు ప్లగ్గులూ తీసేసి, ఒక్కో బెజ్జంలో గేజి బిగించి, యాక్సిలరేటరు పూర్తిగా నొక్కి సెల్ఫ్ కొట్టాలి. ప్రతి సిలిండరు గాలిని ఎంత గట్టిగా నొక్కగలుగుతోందో ముల్లు చెప్తుంది. నాకు వచ్చిన అంకెలు: 155, 150, 95, 152. మూడోది పడిపోయింది. తర్వాత ఆ మూడో సిలిండరులో ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి మళ్ళీ కొట్టాను. పిస్టన్ రింగులు అరిగి ఉంటే ఆ ఆయిలు సందులు మూసి అంకె బాగా పెరుగుతుంది. పెరక్కపోతే గాలి పైనుంచి, అంటే వాల్వుల నుంచో హెడ్ గ్యాస్కెట్ నుంచో పోతున్నట్టు. 95 కాస్తా 100 అయింది, అంతే.

"రింగులు బానే ఉన్నాయి. బోరు ముట్టుకోకు. హెడ్ ఎత్తు" అన్నాడు మావయ్య.

గురువారం రాత్రి పదకొండింటికి హెడ్ ఎత్తాను. మూడో సిలిండరు ఎగ్జాస్టు వాల్వు అంచు ఎలుక కొరికినట్టు కాలిపోయి ఉంది. దాని సీటు పక్కన వెంట్రుక లాంటి పగులు. ఈ ఇంజనులో నడిమి రెండు సిలిండర్ల పొగ ఒకే దారిలో బయటికి పోతుంది. అంచేత వేడి అంతా అక్కడే. పగిలేది కూడా ఎక్కువగా ఆ చుట్టుపక్కలే. బోరు గోడలు మాత్రం అద్దంలా ఉన్నాయి, పైన చేత్తో తడిమితే గట్టు తగలడం లేదు.

కాబట్టి పైభాగం జబ్బు తెలిసింది. కిందిభాగం సంగతి, అంటే ఆయిల్ ప్రెషరు ఎందుకు తక్కువగా ఉందన్నది, ఇంకా తెలియదు. బేరింగులు కావచ్చు, ఆయిల్ పంపు కావచ్చు, క్రాంకు కూడా కావచ్చు. శుక్రవారం రాత్రి మావయ్యకి ఫోటోలు పంపి, "హెడ్ పగిలింది, కింద కూడా అరిగే ఉంటుంది. ఇంక ఆ 1977 ఇంజను తెచ్చి పెట్టేస్తే పోదా? రేపు వెళ్తున్నాను. నా పాతది ఎక్స్ఛేంజిలో ఇచ్చేస్తే నూట యాభై తగ్గిస్తాడు" అన్నాను.

ఫోనులో చాలాసేపు మాట లేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"నా బల్ల మీద విరిగిన రాడ్డు గుర్తుందా?" అన్నాడు.

ఉందన్నాను.

1988 వైశాఖమట. పెళ్ళిళ్ళ సీజను. బెంజి సర్కిల్ దగ్గర స్టాండులో ఉండే ఒక డ్రైవరు, సొంత బండి, ఫైనాన్సు మీద తీసుకున్నాడు, ఇంజను కొట్టుకుంటోందని వచ్చాడు. విప్పి కట్టాలంటే పన్నెండు రోజులు పడుతుంది. లేత్ షెడ్డులో వరస, క్రాంకు గ్రైండింగు, ఓవర్ సైజు సామాన్లు. ఆ పన్నెండు రోజుల్లో సగం ముహూర్తాలు వెళ్ళిపోతాయి. అదే ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్టులో ఒక ఇంజను ఉంది, రన్నింగ్ కండిషన్ అన్నారు. పాతది ఇస్తే పదిహేను వందలు తగ్గిస్తామన్నారు. వేయించెయ్యమని సలహా ఇచ్చింది మావయ్యే.

"ఛాంబర్ విప్పి చూడాలని తెలుసు. గంటన్నర పని. అతను గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటున్నాడు, నాకూ లోపల ఇంకో రెండు బళ్ళున్నాయి. శబ్దం విన్నాను, బానే ఉందనిపించింది. బిగించేశాను" అన్నాడు మావయ్య.

ఇరవయ్యో రోజు రాత్రి పెళ్ళివారిని ఎక్కించుకుని ద్వారకా తిరుమల వెళ్తుంటే హనుమాన్ జంక్షన్ దాటాక బిగ్ ఎండ్ బేరింగు పోయి, రాడ్డు విరిగి, బ్లాకు పక్కనించి బయటికొచ్చింది. అర్ధరాత్రి రోడ్డు మీద పెళ్ళికూతురు తరఫు వాళ్ళు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. మావయ్య తన డబ్బుతో వేరే టాక్సీ కట్టించి పంపాడు. మర్నాడు బండి లాక్కొచ్చి, సొంత ఖర్చుతో అతని పాత ఇంజనే కట్టి ఇద్దామని కొట్టుకి పరిగెత్తాడు. ఆ పాత బ్లాకు అప్పటికే పగలగొట్టి ఇనుము కింద తూకానికి వేసేశారు.

"కట్టడానికి ఏమీ మిగల్లేదురా. అదీ నా తప్పు. కొన్న ఇంజను పోవడం కాదు, తిరిగి రావడానికి దారి లేకుండా చేశాను. మూడు వాయిదాలు తప్పాడు, ఫైనాన్సు వాళ్ళు బండి తీసుకుపోయారు. రెండేళ్ళ తర్వాత కనిపించాడు. ఎవరిదో లారీకి క్లీనరుగా వెళ్తున్నాడు. ఓనరు డ్రైవరు కాస్తా క్లీనరు. నన్ను చూసి, బాగున్నారా మేస్త్రీ గారూ అన్నాడు. అదే, ఆ పలకరింపే..." అని ఆపేశాడు.

ఆ వేసవి నేను అక్కడే ఉన్నాను. పదకొండేళ్ళు. టీలు తెస్తున్నాను. నాకేమీ తెలియలేదు. ఆ రాడ్డు కింద పెట్టిన బిల్లు పుస్తకంలో నేను బొమ్మలు కూడా వేసేవాణ్ణి.

కాసేపాగి మావయ్యే మామూలు గొంతుతో అన్నాడు. "నీకేం పెళ్ళివారు లేరు, వాయిదాలు లేవు. కొనాలంటే కొనుక్కో. రెండే మాటలు. ఛాంబర్ విప్పనిస్తే కొను, విప్పనివ్వకపోతే దణ్ణం పెట్టి వచ్చెయ్యి. నీది మాత్రం ఎవరికీ ఇవ్వకు. తెలిసిన రోగం ఉన్నవాణ్ణి బాగు చెయ్యొచ్చు. తెలియని ఆరోగ్యాన్ని ఏం చేస్తావు?"

నేను పాతికేళ్ళుగా చేసే పని కూడా ఇదే కదా అనిపించింది. ఇరవై ఏళ్ళ నాటి ప్రోగ్రాం ఒకటి మూలుగుతూ నడుస్తుంటుంది. దాని జబ్బులన్నీ పేరుపేరునా తెలుసు కాబట్టి అందరికీ దాని మీద కోపం. కొత్తగా అమ్మకానికొచ్చిన దాని జబ్బు ఒక్కటీ తెలియదు కాబట్టి అందరికీ దాని మీద ప్రేమ. పాతది పీకి పారేశాక తెలుస్తాయి మిగతావి. ఈ మాట స్లైడ్ల మీద రాసి ఎంతమందికి అమ్మానో! నా గరాజు దగ్గరికొచ్చేసరికి గుర్తు రాలేదు.

శనివారం పొద్దున్నే బయల్దేరాను. దారంతా మొక్కజొన్న కోసేసిన పొలాలు. పెద్దాయన ఎనభైకి దగ్గర్లో ఉంటాడు. కొట్టంలో చెక్క పలకల మీద ఇంజను టార్పాలిన్ కప్పి ఉంది. కారు బాడీ కింద తుప్పు పట్టి పనికిరాకుండా పోతే 2006లో ఇంజను తీసి దాచాడట. పదహారేళ్ళు. "ఇంకో మంచి బాడీ దొరికితే పెడదామనుకున్నాను, ఇప్పుడింక నా వల్ల కాదు" అన్నాడు.

వరసగా చూసుకుంటూ వెళ్ళాను. బ్లాకు పక్కన రివెట్ చేసిన నంబరు పలక ఉంది, 18వి, చివర్లో తక్కువ కంప్రెషన్ అని చెప్పే ఎల్ అక్షరం. ప్లగ్గులు తీసి ముందు పుల్లీ నట్టుకి రెంచి పెట్టి తిప్పితే ఎక్కడా పట్టకుండా తిరిగింది. ముప్ఫై డాలర్ల చిన్న కెమెరా ప్లగ్గు బెజ్జంలోంచి దింపి చూస్తే బోరులో తుప్పు మచ్చలు లేవు. పైకవరు తీస్తే లోపల నల్లటి మడ్డి లేదు. ఆయిలు వదిలితే నీళ్ళు కలిసిన తెల్లటి నురగ లేదు. పుల్లీని స్క్రూడ్రైవరుతో ముందుకీ వెనక్కీ నెడితే క్రాంకు ఆట కూడా మామూలుగానే ఉంది. క్లచ్చి మీద ఎప్పుడూ కాలేసి ఉంచే డ్రైవరు చేతిలో పడ్డ ఇంజనైతే అక్కడ తెలిసిపోతుంది.

ఒక్కో పరీక్షా నెగ్గుతుంటే మనసు జేబులో చెక్కు బుక్కు మీదకి పోతోంది. ఇంక చాలులే అనిపించింది. ఎలా అడగాలో తెలియక నీళ్ళు నమిలి, చివరికి "ఛాంబర్ విప్పి ఒక్క బేరింగు చూడొచ్చా?" అన్నాను. ఆయన ముఖం కాస్త ముడుచుకుంది. నన్ను నమ్మడం లేదా అన్నట్టు చూశాడు. మా మావయ్య మెకానిక్కనీ, ఇది ఆయన మాటనీ చెప్పాను. ఇండియాలో ఇదే ఇంజనుతో టాక్సీలు నడిచేవంటే నమ్మలేదు. ఫోనులో అంబాసిడర్ ఇంజను బొమ్మ చూపించాను. చాలాసేపు చూసి, "విప్పు. మళ్ళీ బిగించేది కూడా నువ్వే" అని తనే వెళ్ళి పానాలు తెచ్చాడు.

ఇంజనుని ఇద్దరం పక్కకి దొర్లించి ఛాంబర్ విప్పాం. మూడో బిగ్ ఎండ్ టోపీ ఊడదీశాను. బేరింగు మీద ఉండాల్సిన బూడిద రంగు పూత సగం పోయి రాగి కనిపిస్తోంది. అదొక్కటే అయితే పర్వాలేదు, బేరింగులు కొత్తవి దొరుకుతాయి. క్రాంకు మీద గోరు పెట్టి గీశాను. గోరు గాడిలో పడింది. రెండోది విప్పాను, అదీ అంతే. అంటే ఎప్పుడో ఒకసారి ఆయిలు లేకుండానో, చెత్త ఆయిలుతోనో పరిగెత్తింది. క్రాంకు తీసి గ్రైండింగు చేయిస్తే తప్ప పనికి రాదు. అలాగే తెచ్చి నా కారులో బిగించి ఉంటే హైవే మీద ఎన్నో రోజు రాడ్డు బయటికొచ్చేదో!

పెద్దాయన కూడా గోరు పెట్టి చూశాడు. కోపం రాలేదు. "పదహారేళ్ళుగా ఇది బాగుందనుకుంటూ ఉన్నాను" అన్నాడు మెల్లగా. మోసం చేసే మనిషి కాదాయన. తీసిన రోజున నడిచింది అన్నది నిజమే. తనకి తెలిసినంత వరకే చెప్పాడు, తెలియనిదాని గురించి ఎవరు మాత్రం ఏం చెప్తారు?

ఛాంబర్ తిరిగి బిగిస్తూ, "హెడ్ ఒక్కటీ ఇస్తారా?" అని అడిగాను. నాకు పగిలింది అదే. పగుళ్ళు కంటికి కనపడకపోవచ్చు కాబట్టి షాపులో పరీక్ష చేయించాకే బేరం ఖాయం అన్నాను. రెండు వందలకి చెక్కు రాసిచ్చాను. షాపువాళ్ళు బాగుందనే దాకా దాన్ని బ్యాంకులో వెయ్యనని, ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో పెట్టుకుంటానని ఆయనన్నాడు. ఇద్దరం కలిసి హెడ్ ఊడదీసి నా కామ్రీ డిక్కీలో పాత దుప్పటి మీద పడుకోబెట్టాం. కొండని తవ్వి ఎలుకని పట్టుకొస్తున్నావా అంది మా ఆవిడ ఫోనులో. ఎలుకే, కానీ కొరికి చూసి తెచ్చుకున్న ఎలుక.

షాపులో ఇనుప పొడి చల్లి, అయస్కాంతం పెట్టి చూశారు. పగులు ఉంటే పొడి గీతలా పేరుకుంటుంది. పేరుకోలేదు. పెద్దాయనకి ఫోను చేసి చెక్కు వేసుకోమన్నాను. వాల్వులు కొత్తవి వేసి, సీసం లేని పెట్రోలుకి తట్టుకునే గట్టి సీట్లు ఎగ్జాస్టు వైపు కొట్టించాను.

డిసెంబరులో ప్రాజెక్టు అయిపోయింది. అనుకున్నట్టే తర్వాతది ఫిబ్రవరి దాకా రాలేదు. ఆ ఖాళీలో ఇంజను లాగే క్రేను అద్దెకి తెచ్చి నా ఇంజను దించాను. నా క్రాంకు మీద గోరు ఎక్కడా ఆగలేదు. మైక్రోమీటరు పెట్టి కొలిస్తే పుస్తకంలో రాసిన కొలతల్లోనే ఉంది. బేరింగులు అరిగాయి, ఆయిల్ పంపు ఇంకా బాగా అరిగింది. ఆ రెండూ కొత్తవి వేశాను. బోరు ముట్టుకోలేదు, మావయ్య మాట. హెడ్, షాపు పని, సామాన్లు, క్రేను అద్దె అన్నీ కలిపి పద్నాలుగు వందల డాలర్లు దాటలేదు. ఐదు వందల యాభైకి అయిపోతుందనుకున్న పనికి ఇది ఎక్కువే. నాలుగు వేలతో పోలిస్తే తక్కువే. ఏ గడి పక్కన పెట్టి చూసుకోవాలన్నది మన ఇష్టం.

అందరికీ ఇదే చెప్పను. క్రాంకు నాదే గాడి పడి, ఆయనది బాగుండి ఉంటే ఆ ఇంజనే కొనేవాణ్ణి, ఏడు వందలకీ. నూట యాభై తగ్గింపు కోసం నా బ్లాకు మాత్రం ఇచ్చేవాణ్ణి కాదు. గరాజులో ఆ మూల అట్టపెట్టెల పక్కన చోటు కూడా చేసి ఉంచాను అప్పటికే.

2023 ఏప్రిల్‌లో మొదటిసారి స్టార్టు చేశాను. వేడెక్కాక ప్రెషరు ముల్లు నడుస్తున్నప్పుడు 60, ఆగినప్పుడు 20. మావయ్యకి వీడియో కాల్ చేసి ఫోను బానెట్ కింద పెట్టాను. వీడియో ఆయనకి ఎలాగూ సరిగా కనపడదు. అత్తయ్య ఫోనుని ఆయన చెవికి ఆనించింది. రెండు నిమిషాలు ఏమీ అనలేదు. అటువైపు కాకులు అరుస్తున్నాయి, ఇటువైపు ఇంజను తిరుగుతోంది.

"ఆ రాడ్డు ఇంకా ఉందా మావయ్యా?" అన్నాను.

"ఉంది. షెడ్డు సామాన్లన్నీ అమ్మేశాను, అదొక్కటీ ఇంటికి తెచ్చుకున్నా" అన్నాడు. తర్వాత, "ఒరేయ్, ఎక్కడో ఒక టాపెట్ వదులుగా ఉందిరా. ముందువైపు నుంచి వస్తోంది, చూసుకో" అన్నాడు.

నాకు ఏమీ వినపడలేదు. సాయంత్రం ఇంజను చల్లారాక ఫీలర్ గేజి పెట్టి ఎనిమిదీ వరసగా చూశాను. ఏడు సరిగ్గా ఉన్నాయి. ముందు నుంచి రెండోది, అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను ఉండాల్సింది, పద్దెనిమిది ఉంది.